గోడలో భద్రంగా ఉంది

ఆ శనివారం ఉదయం కోడలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి బయల్దేరి పిల్లల కుర్చీలు, చాపలు తేవడం, రెండింటికల్లా తిరిగి రావడం, మూడింటికి అగ్నిమాపక శాఖ అధికారికి ఇల్లు చూపించడం. ఆయన సంతకం పెడితే సోమవారం పొద్దున్న ఏడింటికి ఇంటి కింది హాల్లో పిల్లల సంరక్షణ కేంద్రం తెరుచుకుంటుంది. పెట్టకపోతే తొమ్మిది మంది తల్లులు సోమవారం ఉద్యోగాలకు వెళ్లలేరు. వాళ్లు వేరే చోటు చూసుకుంటారు. ఉన్న ఉద్యోగం వదిలేసి ఏడాదిగా ఈ ఒక్క పని మీదే కూర్చున్న కోడలు ఖాళీ హాల్లో ఒక్కతే కూర్చోవాల్సి వస్తుంది.

"మావయ్యగారూ, బోర్డుల కంపెనీ సర్టిఫికెట్ ఫైలు మీ దగ్గరే ఉంది కదా? ఆయన రాగానే మొదట అడిగేది అదే. జిరాక్సు కాదు, అసలుదే కావాలని ఆఫీసులో గుమాస్తా అన్నాడు. తీసి బల్ల మీద పెట్టేయండి," అంది చెప్పులు వేసుకుంటూ.

"భద్రంగా ఉందమ్మా," అన్నారాయన.

ఆ మాటకు కోడలు గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. ఆ ఇంట్లో ఆ మాటకు పెద్ద చరిత్రే ఉంది. అసలు పేరు పింఛను కాగితాల్లో మాత్రమే మిగిలి, ఆయనను వీధంతా 'భద్రంగారు' అని పిలవడానికి కారణం ఆ మాటే. ఏ వస్తువు చేతికిచ్చినా ఆయన భద్రంగా పెడతారు. అంత భద్రంగా పెట్టిన వస్తువు ఇక దొంగకు గానీ, ఇంట్లోవాళ్లకు గానీ, ఆయనకు గానీ దొరకదు. కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేసి ఒక్క పుస్తకం పోగొట్టని మనిషి. అక్కడ ప్రతి పుస్తకానికీ నంబరు ఉండేది. ఇంట్లో నంబర్ల బదులు భార్య ఉండేది. ఆయన దాచేవారు, ఆవిడ తీసేది. ఆ ఏర్పాటు ముప్పై నాలుగేళ్లు ఏ లోటూ లేకుండా సాగింది. ఆవిడ పోయాక దాచే సగం మాత్రం మిగిలింది.

"నిజంగా భద్రంగానే ఉందా?" అంది కోడలు.

"వెళ్లిరా తల్లీ. నీ పని చూసుకో."

ఆటో చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన బీరువా తెరిచారు. ఫైలు లేదు. పరుపు కింద లేదు. బియ్యం డబ్బా వెనక లేదు. దేవుడి పటం వెనక పాత కరెంటు బిల్లు దొరికింది గానీ ఫైలు దొరకలేదు. మూడో గదిలోంచి హాల్లోకి వచ్చి, తెల్లగా, నున్నగా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మచ్చ లేకుండా నిలబడ్డ కొత్త గోడను చూశాక అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, దగ్గరున్న స్టూలు మీద కూలబడ్డారు.

ఆ గోడ హాలును వంటింటి నుంచి వేరుచేస్తుంది. వంటింట్లో మంట లేస్తే కనీసం గంటదాకా అది పిల్లల వైపు రాకూడదని నిబంధన. అందుకని పాత చెక్క తడిక పీకించి, ఇనప ఫ్రేము నిలబెట్టించి, దానికి రెండువైపులా నిప్పంటుకోని ఖనిజ బోర్డులు బిగించి, మధ్యలో సెగను ఆపే రాతి ఉన్ని కూరించింది కోడలు. పని నెల క్రితం జరిగింది. వంటింటి వైపు బోర్డులు ముందు పడ్డాయి. హాలు వైపు ఫ్రేము పది రోజులు తెరిచే ఉంది. రొమ్ము ఎత్తున అడ్డంగా ఒక ఇనప పట్టీ, దాని వెనక కాస్త చోటు. మనుషులు తిరిగే ఇంట్లో అలాంటి చోటు కనిపిస్తే ఇంకేముంది, మూడో రోజుకల్లా అది అలమర అయిపోయింది. తాళాలు అక్కడే, టీ గ్లాసులు అక్కడే, దువ్వెన అక్కడే. దుమ్ము పడకుండా, రంగు అంటకుండా, సరిగ్గా ఫైలు వెడల్పునే ఉన్న ఆ పట్టీ మీద భద్రంగారు ఒక మధ్యాహ్నం సర్టిఫికెట్ ఫైలు పెట్టి, తృప్తిగా కునుకు తీశారు. మర్నాటి సాయంత్రానికి గోడ మూసుకుపోయింది.

ముందు బోర్డులు అమ్మిన కొట్టుకు ఫోన్ చేశారు. "ఇంకో కాపీయా? కంపెనీ ముద్ర పడి రావాలండీ. వారం పడుతుంది," అన్నాడు కొట్టువాడు.

"వారం కాదు నాయనా, ఐదు గంటలే ఉన్నాయి నాకు."

"అయితే ఉన్నదే వెతుక్కోండి," అని పెట్టేశాడు.

సలహా చిన్నదే అయినా అందులో న్యాయం ఉందనిపించింది భద్రంగారికి. కోడలికి చెప్పాలా అని ఒక నిమిషం ఆలోచించారు. కుర్చీలు మోసుకుంటూ వచ్చే పిల్లకు ఈ కబురు దేనికి? ఒక్క బోర్డు విప్పడం, ఫైలు తియ్యడం, మళ్లీ బిగించడం, పైన కాస్త లప్పం పూయడం. రెండింటిలోపు అయిపోతుంది. ఎవరికీ తెలియనక్కర్లేదు. పంచె పైకి దోపుకున్నారు.

స్క్రూలు లప్పం కింద, లప్పం రంగు కింద ఉన్నాయి. ఆయన ఫ్రిజ్ తలుపుకు అతికించి ఉన్న అరటిపండు బొమ్మ అయస్కాంతాన్ని ఊడదీసి గోడ మీద మెల్లగా జరుపుతూ పోయారు. అది టక్కున అతుక్కున్న చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టారు. జానెడుకొకటి చొప్పున తలుపు పక్క బోర్డు మీద ముప్పై ఆరు చుక్కలు తేలాయి. ఫైలు ఏ బోర్డు వెనక ఉందో మాత్రం తేలలేదు. పెట్టినప్పుడు ఎదురుగా కిటికీ కనిపించినట్టు గుర్తు. హాలుకు కిటికీలు మూడు. సరే, తలుపు పక్కదే మొదలుపెడదాం అనుకున్నారు.

ముప్పై స్క్రూలు విప్పాక బోర్డు ఒకవైపు కదిలి ఆయన మీదికి వాలింది. అది ఆయనకంటే పొడుగు, ఆయనకంటే కాస్తే తేలిక. రెండు చేతులతో, తలతో, కుడి మోకాలితో దాన్ని ఆపి, సాయానికి కేక వేశారు. పక్కింటి కండక్టరుగారు పరుగున వచ్చారు. ఆయన రిటైరై నాలుగేళ్లయినా గొంతు ఇంకా బస్సు వెనక సీటు దాకా వెళ్లేది.

"ఏమిటి మాస్టారూ! గోడను కౌగిలించుకున్నారేమిటి?"

"మెల్లగా, మెల్లగా. రహస్యం ఇది."

"రహస్యమా!" అన్నారు కండక్టరుగారు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

ఇద్దరూ కలిసి మిగిలిన స్క్రూలు విప్పి, బోర్డును ఎదురుగోడకు చేరవేశారు. ఫ్రేములో పసుపుపచ్చ ఉన్ని నిండుగా ఉంది. అందులో పిచ్చుక గూట్లో గుడ్డులా టీవీ రిమోటు ఉంది. కొడుకూ కోడలూ దానికోసం వారం రోజులు ఒకరినొకరు అనుకుని, కొత్తది కొనుక్కుని, ఇంకా మనసులో పెట్టుకున్న రిమోటు అది. గోడ పెట్టిన మేస్త్రి పనితీరు అలాంటిది. ఫ్రేము చదరంగా ఉందా, ఉన్ని బిగువుగా ఉందా అని చూస్తాడే తప్ప లోపల ఏముందో చూడడు. ఉన్నదాని చుట్టూనే కూరేస్తాడు.

"బోర్డు వెనక ఏదో నంబరుందండీ నీలం సిరాతో. బస్సు నంబరంత ఉంది," అన్నారు కండక్టరుగారు.

"నంబర్లతో మనకేం పని! ఫైలు చూడండి, ఫైలు."

ఫైలు లేదు. అయితే రెండోది.

రెండో బోర్డు వెనక టార్చిలైటు దొరికింది. కండక్టరుగారు దాన్ని చప్పున చేతిలోకి తీసుకున్నారు. పనివాళ్లకు కావాలంటే తాను ఇచ్చింది తిరిగి రాలేదని ఆయన, తిరిగి ఇచ్చేశానని భద్రంగారు, ఈ నెలరోజులూ ముఖాముఖి మర్యాదగానే మాట్లాడుకుంటూ లోపల మాత్రం మాట్లాడుకోవడం లేదు.

"తిరిగి రాలేదన్నానా లేదా?" అన్నారు కండక్టరుగారు.

"అన్నారు."

"మా ఆవిడ మీరు అలాంటి మనిషి కాదంది. నేనే వినలేదు."

"నేను మాత్రం మీరు మతిమరుపు మనిషని మా అబ్బాయితో అన్నాను."

ఇద్దరూ కాసేపు టార్చి వెలిగించి ఆర్పి చూసుకున్నారు. ఇంకా పనిచేస్తోంది. మూడో బోర్డు దగ్గరికి వెళ్లేసరికి పని మునుపటి కంటే చురుగ్గా సాగింది. దాని వెనక దువ్వెన, చెంచా వేసి ఉన్న టీ గ్లాసు దొరికాయి.

వీధిలో వెళ్తున్న నర్సు కిటికీ దగ్గర ఆగింది. ఆమె రెండేళ్ల కొడుకు సోమవారం ఈ హాల్లోనే చేరాలి. ఆ రోజు నుంచే ఆమెకు పగటి డ్యూటీ. "ఏం చప్పుడు బాబాయ్‌గారూ లోపల?" అంది.

"గోడ పీకేస్తున్నాం!" అన్నారు కండక్టరుగారు, ఎవరైనా అడిగితే చెప్పడం ధర్మం కాబట్టి.

నర్సు చేతిలో సంచి జారింది. ఎందుకని అడిగేలోపే కండక్టరుగారు మేస్త్రికి ఫోన్ కలిపారు, నాలుగో బోర్డులో ఒక స్క్రూ తల అరిగి తిరగనంటోందని అడగడానికి. "ఏమయ్యా మేస్త్రీ, నువ్వు పెట్టిన గోడ పీకేస్తున్నాం, ఈ స్క్రూలేమిటి ఇలా ఉన్నాయి?" అన్నారు. అవతలి నుంచి ఫోన్ పెట్టేసిన చప్పుడు వచ్చింది.

పావుగంటలో మోటారు సైకిలు వాకిట్లో ఆగడం, మేస్త్రి లోపలికి రావడం ఒకేసారి జరిగాయి. మేస్త్రికి తన బోర్డులంటే ప్రాణం. కొత్తవాళ్లెవరైనా నమ్మకపోతే బోర్డు ముక్కకు ఒకవైపు మంట పట్టించి, రెండోవైపు అరచెయ్యి ఆనించి, "చూడండి, టీ గ్లాసు ఇంతకంటే కాలుద్ది" అని చూపించేవాడు. ఇప్పుడతని ముఖంలో మంట అటువైపుదో ఇటువైపుదో తెలియడం లేదు.

"నా గోడ మీద చెయ్యేసిన మేస్త్రి ఎవడు? బయటికి రమ్మనండి!"

"ఇంకో మేస్త్రి ఎవరూ లేడయ్యా," అన్నారు భద్రంగారు. కనుబొమల మీద తెల్లటి పొడి పేరుకుని ఆయన పదేళ్లు పెద్దవాడిలా కనిపిస్తున్నారు. "నేనే."

"మీరా? పనిలో లోపముంటే నాతో చెప్పాలి గానీ సార్, ఇలా పీకి వీధిలోవాళ్లకి చూపిస్తారా? పదిహేనేళ్ల నుంచి చేస్తున్నాను. నా గోడ కూలిందని ఒక్కడనలేదు. ఇవాళ ఎదురింటావిడ అడుగుతోంది, ఏం మేస్త్రీ, బోర్డులు దొంగవంటగా అని!"

"నీ గోడ బంగారమయ్యా. అందులో నా ఫైలుంది."

మేస్త్రి కోపం ఎక్కడ దిగాలో తెలియక కాసేపు నిలబడింది. తర్వాత అతను నుదురు రుద్దుకున్నాడు. "ఆకుపచ్చ ఫైలా? రబ్బరు పట్టీ వేసి ఉంటుంది?"

"అదే, అదే! చూశావా?"

"చూశాను సార్. గోడలో ఉంటే గోడదేమో అనుకున్నాను."

"ఏ బోర్డు వెనక?"

"నాలుగోదని గుర్తు."

నాలుగోదాని వెనక మేస్త్రి కొలతల టేపు ఉంది. అది పోయిందనే అతను రంగులతనితో మాటలు మానేశాడు. టేపును చొక్కాకు తుడిచి జేబులో వేసుకుని, ఇంకేం మాట్లాడకుండా డ్రిల్లు అందుకున్నాడు. అక్కడి నుంచి ముగ్గురి పని. ఎండ కిటికీలోంచి జరిగి నేల మీద సగానికి వచ్చింది. ఐదు, ఆరు. ఒకదాని వెనక బట్టలకు పెట్టే క్లిప్పులు, ఒకదాని వెనక ఏమీ లేదు. విప్పిన బోర్డులు ఎదురుగోడకు వరసగా ఆనించి ఉన్నాయి. హాలు హాలులా లేదు. ఇనప అస్థిపంజరం ఉన్నవైపు గోడ లేదు, గోడ ఉన్నవైపు రెండు గోడలున్నాయి.

అప్పుడు భద్రంగారి ఫోన్ మోగింది.

"మావయ్యగారూ, ఏం జరుగుతోందక్కడ? నర్సు ఫోన్ చేసింది. మనం కేంద్రం ఎత్తేస్తున్నామట, గోడలు కూడా పీకేస్తున్నామట. నలుగురు తల్లులు ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు, పిల్లల్ని వేరే చోట చేర్పించుకోవాలా అని!"

"వద్దని చెప్పమ్మా. అంతా భద్రంగా..." అని నాలుక కరుచుకున్నారు.

ఆ సగం మాట అవతల వినపడనే వినపడింది. చాలా నెమ్మదిగా, "వచ్చేస్తున్నాను," అంది కోడలు.

ఏడో బోర్డు ఊడి, దాని వెనక నుంచి సగం కాల్చి ఆర్పిన దోమల చుట్ట ఒకటి బయటపడేసరికి వాకిట్లో ఆటో ఆగింది. కోడలు, వెనక నర్సు, వాళ్ల వెనక తాళ్లతో కట్టిన ఎర్ర కుర్చీల దొంతర. గుమ్మంలో కోడలు ఆగింది. ఏడు బోర్డులు ఎదురుగోడకు. ఫ్రేములో ఉన్ని నిండిన ఏడు గళ్లు బయటికి. నేలంతా తెల్లపొడి. దాని మీద మూడు జతల అడుగుజాడలు. గోడ ఆ చివర ఒక్క బోర్డు మాత్రం, తన వాళ్లంతా ఏమయ్యారో తెలియనట్టు, రంగుతో సహా నున్నగా నిలబడి ఉంది. టైము రెండుంబావు.

భద్రంగారు లేచి నిలబడ్డారు. పొద్దుటి నుంచి ఆయన ఎవరికీ తెలియకుండా చేద్దామనుకున్న పని వీధికంతా తెలిసి, చివరికి తెలియాల్సిన మనిషికి తెలిసింది. "ఫైలు గోడలో పెట్టింది నేనేనమ్మా. నీకు అబద్ధం చెప్పలేదు, భద్రంగానే ఉంది. ఎక్కడుందో తెలియడం లేదంతే. నన్నేమన్నా అను. ఫైలు తీసి ఇచ్చాకే కూర్చుంటాను."

కోడలు ఆయన చేతుల వైపు చూసింది. స్క్రూలు తిప్పి తిప్పి కుడి అరచెయ్యి రెండు చోట్ల బొబ్బలెక్కింది. ఆమె కొంగు నడుముకు బిగించింది.

"మేస్త్రీ, ఎనిమిదోది కూడా తీయండి."

మేస్త్రి కదలలేదు. పొద్దుటి నుంచి అందరికంటే చురుగ్గా ఉన్నవాడు, డ్రిల్లు నేలమీద పెట్టి తల గోక్కున్నాడు. "అదొక్కటీ వదిలేద్దామమ్మా. అక్కడుండదు. ఇవన్నీ మళ్లీ బిగించాలంటే టైము చాలదు. ముందు ఇవి బిగిద్దాం."

"ఏడింటిలో లేదంటే ఎక్కడుంటుంది?"

"అదీ... ఉండదమ్మా."

"ఎందుకుండదయ్యా?" అన్నారు కండక్టరుగారు. "ఏడు స్టాపుల్లో దిగని మనిషి చివరి స్టాపులో దిగడూ? తియ్యి."

"ఏడు పోయాక ఒకదాని మీద మమకారమేంటి మేస్త్రీ? మీరు తీయకపోతే నేనే తీస్తాను," అని కోడలు స్వయంగా డ్రిల్లు అందుకుంది. నర్సు చెప్పకుండానే బోర్డు అంచు పట్టుకుంది. మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

చివరి స్క్రూ వచ్చేసింది. బోర్డును పక్కకు జరిపారు. ఫైలు ఉంది. ఆకుపచ్చ ఫైలు, రబ్బరు పట్టీతో సహా, నేలకు దగ్గరగా, గడి అడుగున పడి ఉంది. భద్రంగారు "హమ్మయ్య!" అని వంగబోయి, వంగకుండానే ఆగిపోయారు. మిగిలిన గళ్లలో వస్తువులన్నీ పైన పట్టీ మీద ఉన్ని పట్టుకుంటే ఉన్నాయి. ఇది ఎందుకు కింద పడింది? పట్టుకోవడానికి ఉన్ని లేదు. గడి మొత్తం ఖాళీ. పైనుంచి కిందికి ఒక్క పోచ లేదు. అవతలి బోర్డు వీపు కనిపిస్తోంది. దానికి ఆనుకునే, అవతలి పక్క, గ్యాసు పొయ్యి.

నర్సు ఆ గడిలోకి చెయ్యి చాపి అవతలి బోర్డును తాకింది. ఇందాక కండక్టరుగారు టీ కోసం వెలిగించిన పొయ్యి సెగ ఇంకా సన్నగా తగులుతోంది.

"అక్కా, పిల్లల చాపలు ఎక్కడ పరుస్తావు?" అంది.

"ఇక్కడే," అంది కోడలు. "గాలి బాగా వస్తుందని ఈ మూలే అనుకున్నాను."

మేస్త్రి నేల వైపు చూస్తూ చెప్పాడు. "గోడ మూసిన సాయంత్రం ఉన్ని సరిపోలేదమ్మా. ఒక్క గడికే తగ్గింది. పొద్దున్నే తెచ్చి కూరదామని బోర్డు ఊరికే నాలుగు స్క్రూల మీద నిలబెట్టి వెళ్లాను. నేనొచ్చేసరికి రంగులతను మిగతా స్క్రూలు బిగించేసి లప్పం పూసేశాడు. మళ్లీ పీకాలంటే... ఒక్క గడేగా అనుకున్నాను. నెల నుంచి అనుకుంటూనే ఉన్నాను."

"లోపలికి రావచ్చా?" అని వినిపించింది గుమ్మంలోంచి.

చేతిలో అట్ట, జేబులో రెండు పెన్నులు, చెవుల పక్క నెరిసిన జుట్టు. అధికారి అరగంట ముందే వచ్చాడు. గోడ ఉండాల్సిన చోట గోడ లేకపోవడాన్ని, ఐదుగురు పెద్దమనుషులు తెల్లపొడిలో నిలబడి ఉండడాన్ని ఆయన ఓపిగ్గా చూశాడు. భద్రంగారు చప్పున ఫైలు తీసి, దుమ్ము ఊది, రెండు చేతులతో అందించారు. "అసలు సర్టిఫికెటండి. కంపెనీ ముద్రతో సహా."

అధికారి ఫైలు తీసుకోలేదు. కళ్లద్దాలు పెట్టుకుని ఎదురుగోడ దగ్గరికి వెళ్లి, ఒక బోర్డు వీపు మీది నీలం అంకెలు చదివి ఫోన్‌లో కొట్టాడు. రెండోది చదివాడు. మూడోది చదివాడు. "అదే సరుకు, అదే పరీక్ష. బాగుంది. కాగితం అందరూ చూపిస్తారండీ. కాగితం ఒక బోర్డుది, గోడకు పెట్టేది ఇంకొకటి. అందుకే నేను ఈ నంబరే చూస్తాను. ఒక్క బోర్డు విప్పి చూపిస్తే చాలు."

"ఒక్కటి చాలా?" అన్నారు భద్రంగారు.

"చాలు. మామూలుగా తలుపు పక్కది విప్పమంటాను. దానికే కొందరు ఏడుస్తారు, రంగు పాడవుతుందని. మీరేమిటి, మొత్తం విప్పించారు! ఎవరిది ఈ ఆలోచన?"

కండక్టరుగారు నోరు తెరిచారు. కోడలు ఆయన వైపు చూసింది. ఆయన జీవితంలో మొదటిసారి మాట మధ్యలో మింగారు.

"మా మావయ్యగారిదండీ," అంది కోడలు.

అధికారి గళ్ల వెంట నడిచాడు. ఉన్నిని వేలితో నొక్కాడు, స్క్రూ కన్నాల మధ్య దూరం కొలిచాడు, తల ఊపుతూ ముందుకు వెళ్లాడు. ఎనిమిదో గడి దగ్గర ఆగాడు. అక్కడ చాలాసేపు ఉన్నాడు. వంటింట్లోకి వెళ్లి పొయ్యి చూసి వచ్చాడు.

మేస్త్రి ముందుకొచ్చాడు. "తప్పు నాదేనండీ. వీళ్లకి తెలియదు. రాసుకోండి, నా మీద రాసుకోండి."

"నీ మీదే రాస్తాను," అన్నాడు అధికారి. "మంట దొరికిన బోర్డు మీద కూర్చోదయ్యా, దొరికిన సందులో దూరుతుంది. ఏడు గళ్లు గంటసేపు ఆపితే ఏం లాభం, ఎనిమిదోది ఇరవై నిమిషాలకు వదిలేస్తే?" తర్వాత భద్రంగారి వైపు తిరిగాడు. "నిజం చెప్పాలంటే, నేను తలుపు పక్కది చూసి సంతకం పెట్టి వెళ్లిపోయేవాణ్ని. ఇది నాక్కూడా కనిపించేది కాదు. మీరు ఎనిమిదోదాని దాకా ఆగకుండా విప్పారు చూడండి, అదీ పట్టుదల అంటే."

భద్రంగారు చేతిలో ఎవరికీ అక్కర్లేని ఫైలును అటూ ఇటూ తిప్పారు. ఆయనకు ఒక్కటే అనిపిస్తోంది. ఉదయం బీరువా తెరవగానే ఫైలు దొరికి ఉంటే బాగుండేదని ఐదు గంటలపాటు అనుకున్నారు. దొరికి ఉంటే సోమవారం పొద్దున్న ఆ మూల చాప మీద తొమ్మిది మంది పడుకునేవాళ్లు. ఎన్నడూ దొరకనివాటి గురించి ఇంతకాలం తనను తిట్టుకున్నందుకు ఈ ఒక్కదానితో చెల్లుకు చెల్లు.

"ఉన్ని ఎంతసేపట్లో తేగలవు?" అని అధికారి మేస్త్రిని అడుగుతున్నాడు.

"గంటలో. నా డబ్బుతో తెస్తానండీ. చీకటి పడకముందే మొత్తం బిగిస్తాను. ఈసారి ప్రతి గడీ అమ్మకి చూపించి మూస్తాను."

"ఐదున్నరకు మళ్లీ వస్తాను. ఆ గడి నా కళ్లముందు మూసేయాలి. మూస్తే సోమవారం తెరుచుకోవచ్చు."

కండక్టరుగారు అప్పటికే వాకిట్లో మోటారు సైకిలు వెనక సీటు మీద కూర్చుని, "రైట్, రైట్! పోనీ!" అంటున్నారు. మేస్త్రి పరుగున వెళ్లి ఎక్కాడు. నర్సు ఫోన్ తీసి మిగిలిన తల్లులకు ఒక్కొక్కరికీ చెబుతోంది, గోడ పీకడం గురించి తాను ఉదయం చెప్పిందంతా నిజమేనని, అందుకే తన పిల్లాణ్ని సోమవారం ఏడింటికే తెస్తున్నానని. కోడలు ఒక ఎర్ర కుర్చీని తాడు విప్పి మామగారి ముందు పెట్టింది. అది మూడేళ్ల పిల్లలది. ఆయన జాగ్రత్తగా అందులో సగం కూర్చున్నారు. ఆమె గ్లాసుతో మంచినీళ్లు, అరచేతికి రాసుకోమని మందు తెచ్చి ఇచ్చింది.

"మావయ్యగారూ."

"చెప్పమ్మా."

"ఇంకేమైనా భద్రంగా పెట్టి ఉంటే ఇప్పుడే చెప్పేయండి. వంటింటి వైపు బోర్డులు ఇంకా ఎనిమిదున్నాయి."

ఆయన నిజాయితీగా ఆలోచించి, లేదన్నట్టు తల ఊపారు.

అధికారి కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి అట్ట మీది ఫారం నింపుతున్నాడు. తలుపులకు ఒక గడి, కిటికీలకు ఒక గడి, వంటింటికి ఒక గడి. 'గోడ' అన్న గడి దగ్గర పెన్ను ఆపి, ఎదురుగా ఉన్నదాన్ని ఇంకోసారి పైనుంచి కిందికి చూసి, ఇలా రాశాడు: "చాలా బాగుంది. పెట్టవలసి ఉంది."